మెబేన్‌లో గురువారం సాయంత్రాలు

మా అమ్మ వయొలిన్‌ను ఇప్పటికీ ఫిడేలు అనే అంటుంది. విజయనగరంలో ఆమె చిన్నప్పుడు అందరి నోటా అదే మాటట. నార్త్ కరోలినాకు వచ్చాక ఇక్కడి పల్లె సంగీతంలోనూ దానిపేరు ఫిడేలేనని తెలిసి, సొంత ఊరి మనిషి ఎదురైనట్టు సంబరపడ్డాను.

మా అమ్మాయి పన్నెండేళ్లప్పుడు స్కూలు ఆర్కెస్ట్రాలో ఆ ఫిడేలే నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఏడాది తిరగకముందే ఒక రాత్రి, "అమ్మా, నాకు బాంజోతో కలిపి వాయించే పాటలు ఇష్టం. కానీ అవి తెల్లవాళ్ల పాటలు కదా, నేను వాయించవచ్చా?" అని అడిగింది. తెలుగు తరగతిలోనేమో తన ఉచ్చారణ బాగుండదని నోరే విప్పదు. అక్కడా ఇక్కడా గడప బయటే నిలబడిపోతున్న పిల్లను చూసి నాకు నిద్ర పట్టలేదు.

తనకు చెప్పడానికి జవాబు వెతుకుతుంటే ఫిడేలు, బాంజో వాయించే కరోలినా చాకొలెట్ డ్రాప్స్ అనే నల్లవాళ్ల బృందం గురించి తెలిసింది. బాంజో తెల్లవాళ్ల వాద్యమన్నది అసలు నిజమే కాదు. దాని మూలం పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. ఎండిన సొరబుర్రకు తోలు బిగించి, కర్ర తగిలించి, తీగలు కట్టిన వాద్యాలను ఎరిగినవాళ్లు బానిసలై ఈ ఖండానికి వచ్చి, గుర్తున్నంత మేరకు మళ్లీ తయారుచేసుకున్నారు. అయిదు తీగల బాంజోలో బొటనవేలితో మీటే పొట్టి తీగ ఒకటుంటుంది. పాట ఎటు తిరిగినా అది ఒకే స్వరం పలుకుతుంది. మొదటిసారి శ్రద్ధగా విన్నప్పుడు నాకు తంబురా శ్రుతే గుర్తొచ్చింది. 1920లలో రికార్డు కంపెనీలు నల్లవాళ్ల పాటలను ఒక వరుసలో, తెల్లవాళ్ల పల్లె పాటలను మరో వరుసలో అమ్ముకున్నాయి. ఫిడేలు, బాంజో రెండో వరుసకే చెందినవన్న భావన జనంలో పాతుకుపోయింది. పాతికేళ్ల కిందట నల్లవాళ్ల పిల్లలకే బాంజో తమదని చెప్పేవారు చాలా అరుదు.

2005లో ఈ రాష్ట్రంలోనే, బూన్ ఊళ్లో, నల్లజాతి బాంజో కళాకారుల సమావేశం జరిగింది. రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ అక్కడే కలిశారు. గిడెన్స్‌ది గ్రీన్స్‌బరో, చదివింది ఆపెరా, అంటే పాశ్చాత్య సంగీత నాటకాల గానం. ఫ్లెమన్స్ ఎక్కడో అరిజోనా నుంచి వచ్చాడు. ఈ ముగ్గురూ ఈ రాష్ట్రంలోనే మెబేన్ అనే ఊళ్లో ఉండే జో థాంప్సన్ అనే పెద్దాయన ఇంటికి గురువారం గురువారం వెళ్లడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు ఎనభై ఆరు దాటాయి. జీవితమంతా ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. తండ్రి దగ్గర నేర్చిన ఫిడేలును, బాంజో వాయించే దాయాది ఓడెల్ పోయాక కూడా విడిచిపెట్టలేదు. నొటేషన్ లేదు, పాఠం లేదు. ఆయన వాయిస్తాడు, వీళ్లు వెంట వాయిస్తారు, అంతే.

ఆ గురువారాల నుంచే, కరోలినా చాకొలెట్ డ్రాప్స్‌గా, ఈ ముగ్గురి ప్రయాణమంతా సాగింది. 2010లో వచ్చిన ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీ దక్కింది. జో 2012లో, తొంభై మూడేళ్ల వయసులో కన్నుమూశారు. తన ఇంటి పాటలు దేశమంతటా వినిపించడం చూసే వెళ్లారు. తర్వాత ముగ్గురూ ఎవరి దారిన వారు వెళ్లారు. గిడెన్స్ మరొకరితో కలిసి రాసిన 'ఒమర్' ఆపెరాకు 2023లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అది ఒమర్ ఇబ్న్ సయీద్ అనే పశ్చిమ ఆఫ్రికా పండితుడి కథ. ఆయన్ను 1807లో బానిసగా అమెరికాకు తెచ్చారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత, ఈ రాష్ట్రంలో ఉంటూనే, ఆయన తన జీవితకథను అరబిక్‌లో రాసుకున్నాడు. మేము ఇష్టపడి, విమానమెక్కి వచ్చినవాళ్లం. ఆయన బాధతో మా బెంగను పోల్చడం తప్పు. అయినా ఆ మాట చదివిన రోజు మా అమ్మాయి తెలుగు వాచకం తీసి చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

2025 ఏప్రిల్‌లో ఆ ముగ్గురూ డర్హమ్‌లో జరిగిన సంగీతోత్సవంలో మళ్లీ కలిసి వాయించారు. మా ఊరు మోరిస్‌విల్ నుంచి డర్హమ్ అరగంట దూరం కూడా లేదు. ఆ వారాంతం ఇంట్లో వేరే మాట లేదు. నేను చెప్పినదంతా విని మా అమ్మాయి అడిగింది: "మరి మన జో థాంప్సన్ ఎవరమ్మా?"

నా దగ్గర జవాబు ఉంది. ఇన్నాళ్లూ తెలుగు తరగతికి ఫీజు కట్టాను, తెలుగు పుస్తకాలు తెప్పించాను. మా అమ్మతో మాత్రం "బాగున్నావా అమ్మమ్మా" అనిపించి ఫోను లాగేసుకునేదాన్ని.

ఇప్పుడు శనివారం ఉదయం తొమ్మిదింటికి, అక్కడ సాయంత్రం ఆరున్నరకు, ఫోను బియ్యం డబ్బాకు ఆనించి పెడతాం. అమ్మ దంపుళ్ళ పాట పాడుతుంది. రోకటి పోటు పడే చోట అరచేత్తో తొడ మీద కొడుతుంది. "స్వరాలు చెప్పు అమ్మమ్మా" అని ఇది అడిగితే, "నాకు సరిగమలు రావే తల్లీ, పాటే వస్తుంది. నువ్వే పట్టుకో" అంది. ఫోనులో శబ్దం ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. అమ్మ ఒక వరుస పాడి ఆగుతుంది. ఇది ఫిడేలు మీద వెతుక్కుంటుంది. మూడో వారానికి పల్లవి దొరికింది. మొన్న ఒక మాట దగ్గర ఆగి, "చెరగడం అంటే ఏమిటి?" అని అడిగింది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి చేట తెచ్చి, ఫోను ముందు బియ్యం చెరిగి చూపించింది.