ఎడమ భుజం నొప్పి

మా తమ్ముడి బరాత్‌లో గుర్రం నన్ను తన్ని ఆరు నెలలైంది. ఇప్పుడు మెట్లెక్కుతున్నాను, నీళ్ల బకెట్ మోస్తున్నాను. అందుకే రాయాలనిపించింది.

తప్పు నాదే. తీన్‌మార్ హోరెత్తుతోంది, ఎవడో పదివేల వాలా అంటించాడు. మా చిన్నోడు గుర్రం వెనక్కి పరిగెత్తాడు. వాణ్ని లాగుదామని తోక పక్కగా దూసుకెళ్లాను. దాని చెవులు రెండూ వెనక్కి వాలి మెడకు అతుక్కుపోయి ఉండడం చూశాను కూడా. అది కోపంతో తన్నబోతోందనడానికి గుర్తని నాకేం తెలుసు? లాడం ఎడమ పక్కటెముకల దగ్గర తగిలింది. పట్టుచీర మీద డెక్క ఆకారంలో మట్టి మరక పడింది. జరీ పోగు ఒక్కటీ తెగలేదు.

గుర్రం పట్టుకున్న కుర్రాడికి ఇరవై ఏళ్లుండవు. మావాళ్లు చొక్కా పట్టుకుని తిడుతుంటే వాడు నన్నే చూస్తూ, "అక్కా, కడుపుకు తాకింది, స్కానింగ్ తీయించుకోండ్రి" అన్నాడు. మూడుసార్లు అన్నాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, టెటనస్ సూది వేశారు. మా ఆయన స్కానింగ్ మాటెత్తితే డ్యూటీ డాక్టర్ నవ్వాడు. "గుర్రపోడు చెప్పాడా? ఎముక సన్నగా చిట్లిందంతే. మేడమ్‌ను ఇక గుర్రాల జోలికి పోవద్దనండి." ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రాత్రి పక్కటెముకల కంటే ఎడమ భుజం ఎక్కువ లాగింది. అక్కడ దెబ్బే లేదు. పడుకుంటే ఇంకా ఎక్కువైంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే "గ్యాస్ అయ్యుంటుంది" అన్నారు. వాము నమిలాను! రెండింటికి నీళ్లకని లేచాను. వంటగది గడప దగ్గర కళ్లు చీకట్లు కమ్మాయి. ఒళ్లంతా చల్లటి చెమట. మా ఆయన చెంపలు తడుతున్నాడు, అత్తయ్య గుట్ట నరసింహస్వామికి మొక్కుతోంది. వాళ్ల గొంతులు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తున్నాయి. చిన్నోడు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏడవడం కూడా లేదు. వాణ్ని దగ్గరికి రమ్మనడానికి నోరు పెగల్లేదు.

ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బీపీ 80, నాడి 130. మంచం మీదే స్కానింగ్ చేస్తే కడుపు నిండా రక్తం. ఎడమ పక్కటెముకల కింద ఉండి రోగక్రిములతో పోరాడే ప్లీహం చిరిగిందట. తెల్లారేసరికి తీసేశారు. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించారు. రక్తం డయాఫ్రమ్‌కు, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండర పొరకు తగిలితే నొప్పి భుజంలో తెలుస్తుందని సర్జన్ గారు ఓపిగ్గా చెప్పారు. ఆవిడకు చేతులెత్తి మొక్కాలి.

ముక్కులో గొట్టంతో పడుంటే బాబాయి వచ్చి, "అధికారి ముందు, గుర్రం వెనక నిలబడకూడదని ఊరికే అన్నారా అమ్మా?" అన్నాడు. నవ్వితే కుట్లు పిగులుతాయి, ఏడ్చినా అంతే.

నాలుగో రోజు ఆ కుర్రాడు అరటిపళ్లు పట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. గుర్రానికి సరిగ్గా తన వెనకున్నది కనబడదట. భుజం వైపు నుంచి, పిలుస్తూ దగ్గరికి పోవాలట. వెనక నుంచి దాటాల్సి వస్తే రెండు గుర్రాల పొడవంత దూరం జరగాలట. తను మాత్రం తుంటి మీద చెయ్యి వేసి ఒంటికి ఆనుకునే పోతాడు. అంత దగ్గరైతే కాలికి ఊపు దొరకదంటాడు. బరాత్‌కు ముందు ఇదంతా మాకెవరైనా చెప్పారా? మేమూ అడగలేదనుకోండి.

నాకిప్పుడు ప్లీహం లేదు కాబట్టి న్యుమోనియా, మెనింజైటిస్ టీకాలు వేశారు. జ్వరమొస్తే మాత్రలు మింగి పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇదంతా రాసిచ్చిన కాగితం పర్సులోనే ఉంటుంది. మీకెవరికైనా కడుపు మీద గట్టి దెబ్బ తగిలి, దెబ్బ లేని భుజం నొప్పెడితే వాము నమలకండి.

ఆ రోజు వెళ్లబోతుంటే కుర్రాణ్ని కిరాయి అందిందా అని అడిగాను. తల గోక్కున్నాడు. సగమే ఇచ్చారట. తమ్ముణ్ని నిలదీస్తే, "నిన్ను చంపబోయిన గుర్రానికి కిరాయొకటా అక్కా?" అన్నాడు. మిగతా సగం మా ఆయన ఫోన్లో పంపాడు. తమ్ముడు ఆ మాట మీదే ఉన్నాడు. దసరాకు పిలిచాడు, నేను వెళ్లలేదు.