ఆఫ్రికా ఐక్యత టాపిక్: ఎన్‌క్రుమా, నైరేరేల వాదన చుట్టూ నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్‌కు తెలుగు మీడియంలో ప్రిపేర్ అవుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. ప్రపంచ చరిత్ర అనగానే మనలో చాలామంది ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం, రెండు ప్రపంచ యుద్ధాలు గట్టిగా చదువుతారు. ఆఫ్రికా దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోతుంది. కానీ పాత ప్రశ్నపత్రాలు ఒకసారి తిరగేయండి. 2013 జీఎస్ పేపర్ 1లో, యూరప్ దేశాల పోటీ వల్ల ఆఫ్రికా కృత్రిమ రాజ్యాలుగా ముక్కలైందన్న మాటను విశ్లేషించమన్నారు. 2016లో, పశ్చిమ ఆఫ్రికా వలస వ్యతిరేక పోరాటాలను పాశ్చాత్య విద్య చదువుకున్న కొత్త వర్గం నడిపించిందన్న మాటను పరిశీలించమన్నారు. ఖండాన్ని ముక్కలు చేసినవాళ్ల గురించి ఒక ప్రశ్న, ఆ ముక్కలకు స్వాతంత్ర్యం తెచ్చినవాళ్ల గురించి ఇంకొకటి. ఆ ముక్కలను మళ్లీ కలపాలన్న ఆలోచన ఈ రెండింటికీ కొనసాగింపు. నా ప్రిపరేషన్ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన టాపిక్ ఇదే.

మెటీరియల్‌లో ఇది మామూలుగా తేదీల వరుసలా ఉంటుంది. 1900 లండన్, 1945 మాంచెస్టర్, 1963 అడిస్ అబాబా, 2002 డర్బన్. ఇలా బట్టీ పడితే రివిజన్ రోజు గుర్తుంటుంది, పరీక్ష హాల్లో టెన్షన్‌కు సగం ఎగిరిపోతుంది. నేను పట్టుకున్న దారి వేరు. ఈ చరిత్రంతా ఇద్దరు మనుషుల మధ్య వాదనగా చదివాను. ఘనా నాయకుడు క్వామే ఎన్‌క్రుమా ఇప్పుడే, రాజకీయంగానే, మొత్తం ఖండం ఒక్కటి కావాలన్నారు. టాంజానియా నాయకుడు జూలియస్ నైరేరే కలవాల్సిందే, కానీ ఒక్కో మెట్టు ఎక్కుతూ, ముందు ఇరుగుపొరుగు దేశాలతో మొదలుపెట్టి కలుద్దామన్నారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఒప్పందాన్నీ, ప్రతి సంస్థనూ చూసినప్పుడు ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇందులో ఎవరి మాట నెగ్గింది?

ముందు మూలాలు. ఆఫ్రికా ఐక్యత ఉద్యమ రూపం తీసుకున్నది ఆ ఖండం బయట, బానిసత్వం చెదరగొట్టిన ప్రజల మధ్య. 1900లో లండన్‌లో తొలి పాన్ ఆఫ్రికన్ (అఖిల ఆఫ్రికా) సమావేశం పెట్టింది ట్రినిడాడ్‌కు చెందిన న్యాయవాది హెన్రీ సిల్వెస్టర్ విలియమ్స్. ఇరవయ్యో శతాబ్దపు అసలు సమస్య వర్ణరేఖే (చర్మం రంగును బట్టి మనుషులను వేరుచేసే గీత) అని అక్కడ చెప్పింది అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్. 1919 నుంచి పాన్ ఆఫ్రికన్ కాంగ్రెస్‌లను నడిపించిందీ ఆయనే. 1945 అక్టోబరులో మాంచెస్టర్‌లో జరిగిన అయిదో కాంగ్రెస్‌లో పగ్గాలు ఆఫ్రికా గడ్డ మీద పుట్టినవాళ్ల చేతికి వచ్చాయి. ఎన్‌క్రుమా, కెన్యాకు చెందిన జోమో కెన్యట్టా ఆ హాల్లో ఉన్నారు. అప్పటిదాకా ఎక్కువగా హక్కుల కోసం విజ్ఞప్తులు చేసిన ఉద్యమం అక్కడ సూటిగా స్వాతంత్ర్యం అడిగింది. 2016 ప్రశ్నకు మాంచెస్టర్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

1957లో ఘనా స్వతంత్రమైంది. ఇక్కడ ఒక్క విషయం దగ్గరగా చూడండి. 1960 నాటి ఘనా రిపబ్లిక్ రాజ్యాంగంలో, ఆఫ్రికా రాజ్యాల యూనియన్ ఏర్పడితే ఘనా సార్వభౌమాధికారాన్ని పూర్తిగా గానీ, కొంత గానీ దానికి అప్పగించే అధికారం పార్లమెంటుకు ఇస్తూ ఒక నిబంధన పెట్టుకున్నారు. ఎన్నో ఏళ్లు పోరాడి తెచ్చుకున్న స్వాతంత్ర్యాన్ని ఒక పెద్ద కల కోసం వదులుకోవడానికి సిద్ధమని తమ అత్యున్నత చట్టంలోనే రాసుకున్నారన్నమాట. అది చదివాక ఎన్‌క్రుమాది ఉత్త ఉపన్యాసం అనే మాట నేను ఒప్పుకోలేదు. 1958లో ఫ్రాన్స్ సముదాయంలో ఉండబోమని ఓటేసి ఒంటరిదైన గినీకి ఘనా కోటి పౌండ్ల అప్పు ఇచ్చింది, ఆ దేశంతో యూనియన్ ప్రకటించింది. తర్వాత మాలి కూడా చేరింది. ఇప్పుడు మ్యాప్ తీయండి. ఘనాకు గినీతో గానీ, మాలితో గానీ సరిహద్దే లేదు. ఆ యూనియన్ ఎందుకు నిలబడలేదో సగం జవాబు మ్యాప్‌లోనే దొరుకుతుంది.

నైరేరేని ఐక్యతకు వ్యతిరేకిగా రాయకండి, అది ఆయనకు అన్యాయం. తూర్పు ఆఫ్రికా దేశాలు సమాఖ్యగా కలిసే వీలుంటే టాంగాన్యికా (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం) స్వాతంత్ర్యాన్ని కొంతకాలం వాయిదా వేసుకోవడానికైనా సిద్ధమని 1960లో అన్న నాయకుడాయన. విడివిడిగా జెండాలు ఎగరేశాక, విడివిడిగా మంత్రులయ్యాక కలవడం కష్టమని ఆయనకు ముందే తెలుసు. 1964లో టాంగాన్యికా, జాంజిబార్ కలిసి టాంజానియా అయ్యాయి. ఇవాళ్టికీ ఆ కలయిక నిలిచే ఉంది.

ఇక అసలు ఘట్టం 1963 మే, అడిస్ అబాబా. అప్పటికే ఆఫ్రికా దేశాలు రెండుగా చీలాయి. ఘనా, గినీ, మాలి, ఈజిప్టు, మొరాకోల కాసాబ్లాంకా వర్గం గట్టి రాజకీయ ఐక్యత కావాలంది. నైజీరియా, లైబీరియాలున్న మన్రోవియా వర్గం సహకారం చాలంది. ఎన్‌క్రుమా ఆ సభలో ఉమ్మడి విదేశాంగ విధానం, ఉమ్మడి రక్షణ, ఉమ్మడి కరెన్సీ అడిగారు. రాజధాని కోసం ఖండం మధ్యలోని బాంగీ, లియోపోల్డ్‌విల్ (ఇప్పటి కిన్షాసా) నగరాల పేర్లు కూడా సూచించారు. ఇప్పుడే ఏకం కావాలి, లేదంటే నశిస్తాం అన్నారు. మే 25న సంతకాలైన చార్టర్ మాత్రం మన్రోవియా వర్గం కోరినట్టే వచ్చింది. ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టింది. దాని మూడో అధికరణం సభ్యదేశాల సార్వభౌమ సమానత్వం, అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకపోవడం అనే సూత్రాలతో మొదలవుతుంది.

మరుసటి ఏడాది కైరోలో, స్వాతంత్ర్యం వచ్చిన నాటి సరిహద్దులనే గౌరవిస్తామని తీర్మానించారు. అంటే యూరప్ గీసిన గీతలనే ఉంచుకున్నారు. ఎందుకు? దాదాపు ప్రతి దేశంలోనూ గీతకు అటూ ఇటూ చీలిపోయిన ప్రజలున్నారు. ఒక్కటి కదిపితే అన్నీ కదులుతాయని భయం. సోమాలియా, మొరాకో దీనికి ఒప్పుకోలేదు. సోమాలియా జెండా మీద నక్షత్రానికున్న అయిదు కోణాలు సోమాలీలు నివసించే అయిదు ప్రాంతాలకు గుర్తు. అందులో ఒకటి ఇథియోపియాలో, ఒకటి కెన్యాలో, ఇంకొకటి ఇప్పటి జిబూతీలో ఉన్నాయి. 2013 ప్రశ్నకు యూరప్ దేశాలు ఆఫ్రికా పంపకానికి నియమాలు పెట్టుకున్న 1884-85 బెర్లిన్ సమావేశం దగ్గరే ఆగకుండా ఈ కైరో తీర్మానం దాకా వెళ్తే జవాబుకు బరువొస్తుంది.

జోక్యం వద్దన్న సూత్రానికి చెల్లించిన మూల్యం కూడా రాయాలి. 1975లో సంస్థ శిఖరాగ్ర సమావేశం ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆతిథ్యంలో కంపాలాలో జరిగింది, అధ్యక్ష స్థానమూ ఆయనకే దక్కింది. ఆ సభను నైరేరే బహిష్కరించారు. 1994లో రువాండా మారణహోమాన్ని సంస్థ ఆపలేకపోయింది. అందుకే 2000లో లోమేలో ఆమోదించిన, ఈ సంస్థ స్థానంలో వచ్చిన ఆఫ్రికన్ యూనియన్ రాజ్యాంగ చట్టంలో 4(హెచ్) అధికరణం పెట్టారు. యుద్ధ నేరాలు, జాతి నిర్మూలన, మానవాళిపై నేరాలు జరిగితే సభ్యదేశంలో జోక్యం చేసుకునే హక్కు యూనియన్‌కు ఉంటుంది. 1963 నాటి మూడో అధికరణాన్ని, దీన్ని పక్కపక్కన పెట్టి చదవండి. చార్టర్ చిన్న పత్రం, ఇంగ్లిష్ సులువుగానే ఉంటుంది. నేను రెండింటి నుంచి ముఖ్యమైన అధికరణాలను నా తెలుగులో ఒక పేజీకి కుదించి రాసుకున్నాను, జవాబులో వాడే మాటలన్నీ అక్కడినుంచే వచ్చాయి.

యూరోపియన్ యూనియన్‌తో పోలిక తప్పకుండా వస్తుంది. దాన్ని యాంత్రికంగా చేయకండి. యూరప్ 1951లో ఆరు దేశాలతో, బొగ్గు, ఉక్కుతో మొదలుపెట్టి పాత సార్వభౌమాధికారంలో కొంత ఉమ్మడి చేసింది. ఆఫ్రికా దేశాలకు 1963లో సార్వభౌమాధికారం కొత్తగా చేతికొచ్చింది, దాన్ని ముందు కాపాడుకోవాలనుకున్నాయి. ఈ తేడా రాయకుండా ఆఫ్రికా వెనకబడిందని తేల్చేస్తే ఆ ప్రజల పట్ల న్యాయంగా ఉండదు.

తర్వాతి దశను వేగంగా చూసుకోవచ్చు. 1991 అబుజా ఒప్పందం ఆర్థిక సముదాయాన్ని దశలవారీగా నిర్మించాలంది, ఇది నైరేరే దారి. లిబియా నాయకుడు గడాఫీ పట్టుబట్టి తమ దేశంలోని సిర్తేకు పిలిచిన సభ ఫలితంగా 1999 సెప్టెంబరు 9న సిర్తే ప్రకటన వచ్చింది, 2002లో డర్బన్‌లో ఆఫ్రికన్ యూనియన్ మొదలైంది. ఘనా స్వాతంత్ర్యానికి 50 ఏళ్లు నిండిన 2007లో ఆ దేశ రాజధాని అక్రాలోనే ఖండానికి ఒకే ప్రభుత్వం గురించి మళ్లీ చర్చించారు, తేలింది మళ్లీ దశలవారీ మార్గమే. 2018లో కిగాలీలో సంతకాలు చేసిన ఆఫ్రికా ఖండ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2019 మే 30న అమల్లోకి వచ్చింది, దాని సచివాలయం అక్రాలో ఉంది. 2023 సెప్టెంబరు 9న ఢిల్లీ సమావేశంలో 55 దేశాల ఈ యూనియన్ జీ20 శాశ్వత సభ్యత్వం పొందింది. సిర్తే ప్రకటన తేదీ కూడా సెప్టెంబరు 9 కాబట్టి ప్రిలిమ్స్‌కు రెండూ కలిపి గుర్తుపెట్టుకోవచ్చు.

కరెంట్ అఫైర్స్‌లో మాలి, బుర్కినా ఫాసో, నైజర్‌లను వదలకండి. ఈ మూడూ 2025 జనవరిలో పశ్చిమ ఆఫ్రికా ఆర్థిక కూటమి ఎకోవాస్ నుంచి బయటికొచ్చాయి, అంతకు ముందే తమలో తాము సమాఖ్య కట్టుకున్నాయి. నైరేరే నమ్మిన ప్రాంతీయ మెట్టే ఇక్కడ కదిలింది. టెస్ట్ రాసుకోవడానికి ఒక ప్రశ్న ఇస్తున్నాను, 250 పదాల్లో ప్రయత్నించండి: “ఆఫ్రికా ఐక్యతా సంస్థ వలస సరిహద్దులను అంగీకరించడం ఖండంలో శాంతికి ఎంత తోడ్పడింది, ఐక్యతకు ఎంత అడ్డుపడింది? ఉదాహరణలతో చర్చించండి.”