మెయిల్‌లో పెట్టించుకుంటే సరిపోతుందా

బెంగళూరులో ఐటీ జాబ్‌లో కొత్తగా చేరిన మన పిల్లలకి సీనియర్లు చెప్పే మొదటి మాట, మేనేజర్ ఏదైనా తేడా పని చెప్తే మెయిల్‌లో పెట్టించుకో, రేపు ఏమైనా అయితే నీ మీదకి రాదు అని. మారతహళ్లి టీ కొట్ల దగ్గర మనోళ్ల నోట ఇది ఎన్నిసార్లు విన్నానో. తప్పని అనను, ఇంటికి డబ్బులు పంపాలి, ఈఎమ్‌ఐలు ఉంటాయి. కానీ ఆ మెయిల్ కాపాడేది మనల్ని, అవతల దెబ్బ తినే మనిషిని కాదు.

మా టెస్టింగ్‌లో ఒక మదనపల్లె అమ్మాయి ఉంది. ల్యాబ్ రిపోర్టులు చూపించే యాప్, అందులో ఎప్పుడో ఒకసారి ఒక పేషెంట్ రిపోర్ట్ ఇంకొకళ్ల పేరు కింద వస్తోంది, అరుదుగానే, కానీ వస్తోంది. మేనేజర్ ఏమో సైన్‌ఆఫ్ (రిలీజ్‌కి ఓకే) ఇచ్చేయమ్మా, తర్వాతి అప్‌డేట్‌లో చూద్దాం, రెస్పాన్సిబిలిటీ నాది అన్నాడంట. "అక్కా, సారే బాధ్యత తీసుకుంటా అంటున్నారు, మెయిల్ కూడా పెడతారంట, ఇంక నాదేముంది?" అని అడిగింది.

సరిగ్గా ఈ మాటే 1961లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ ల్యాబ్‌లో వినిపించింది. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే సైకాలజిస్టు మామూలు మనుషుల్ని పిలిపించి, పక్క గదిలో ఉన్నాయన జవాబు తప్పు చెప్పినప్పుడల్లా కరెంట్ షాక్ ఇమ్మన్నాడు, 15 వోల్టుల నుంచి మొదలుపెట్టి 15 చొప్పున పెంచుకుంటూ 450 దాకా. నిజానికి షాక్ లేదు, ఆయన నటిస్తున్నాడు, కానీ స్విచ్ నొక్కేవాళ్లకి అది తెలీదు. మొదటి ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరిదాకా వెళ్లారు. వాళ్లేం రాక్షసులు కాదు, చెమటలు పట్టాయి, వణికారు, కొందరు ఆపేద్దామని బతిమాలారు. ఆయనకేమన్నా అయితే ఎవరిది బాధ్యత అని అడిగినవాళ్లకి ప్రయోగం నడిపిస్తున్న కోటు వేసుకున్న పెద్దమనిషి నాదే అన్నాడు, అంతే, మళ్లీ స్విచ్ నొక్కారు. బాధ్యత ఒకరు తీసుకుంటే ఇంకొకరి దగ్గర తగ్గిపోద్దా? రెండో ప్రపంచయుద్ధం తర్వాత నాజీల మీద జరిగిన విచారణ ఆధారంగా న్యూరెంబర్గ్ సూత్రాల్ని 1950లో రాసినప్పుడు కూడా, కాదనే వీలు ఉన్నప్పుడు పైవాడు ఆర్డర్ వేశాడన్న సాకుతో నీ బాధ్యత పోదనే తేల్చారు.

అందరూ ఆ 26 అంకె దగ్గర ఆగిపోతారు, నాకేమో మిల్‌గ్రామ్ మార్చి మార్చి చేసిన మిగతా ప్రయోగాలే ముఖ్యం అనిపిస్తాయి. ఆర్డర్లు ఇచ్చేవాడు గదిలోంచి వెళ్లిపోయి ఫోన్‌లో చెప్తే చివరిదాకా వెళ్లేవాళ్లు ఐదో వంతుకి పడిపోయారు. స్విచ్ వేరేవాళ్లు నొక్కి, మనం పక్కన ఇంకో పని చేస్తే చాలన్నప్పుడు మాత్రం 40లో 37 మంది చివరిదాకా ఉండిపోయారు (మన ఆఫీసుల్లో పని ఇలాగే ముక్కలు ముక్కలుగా ఉంటది, ఒకరు కోడ్, ఒకరు టెస్ట్, ఒకరు అప్రూవల్, ఎవరికీ స్విచ్ తన చేతిలో ఉన్నట్టే ఉండదు). అదే పక్కన కూర్చున్న ఇద్దరు మేం చెయ్యం అని లేచిపోతే 40లో నలుగురే మిగిలారు.

అందుకే ఆ అమ్మాయికి మెయిల్ సంగతి వదిలెయ్యి, నీ పక్కనోళ్లకి ఆ బగ్ చూపించు అన్నా. చూపించింది. ఇంకో టెస్టర్, ఆ మాడ్యూల్ రాసిన డెవలపర్ కూడా మేం ఓకే చెప్పం అన్నారు. మేనేజర్ అరిచాడు, క్లయింట్ కోసం, టీమ్ కోసం అన్నాడు, ఆ మాటలే మనల్ని ఎక్కువ లొంగదీస్తాయి. జెర్రీ బర్గర్ అనే సైకాలజిస్టు 150 వోల్టుల దగ్గరే ఆపేసేలా ఈ ప్రయోగం మళ్లీ చేసి 2009లో ఫలితాలు బయటపెట్టాడు, అందులో నీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందే అని ముఖం మీద చెప్పించుకున్న ఒక్కళ్లు కూడా ముందుకి పోలేదు, ప్రయోగానికి ఇది అవసరం అని మెత్తగా చెప్తే మాత్రం దాదాపు సగం మంది పోయారు.

రిలీజ్ వాయిదా పడింది, బగ్ సరిచేశారు. ఆ అమ్మాయికి మాత్రం ఈసారి రేటింగ్ తగ్గించారు. దాని మీద ఆ ముగ్గురూ, నేనూ కలిసే హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లాం, ఇంకా జవాబు రాలేదు.