ముందు మాస్కు మీకండీ

కఫం పరీక్షలో టీబీ అని తేలిన రోజు మా ఆవిడ ఇంట్లో అందరికీ మాస్కులు పెట్టింది, అమ్మకీ నాలుగేళ్ల పాపకీ కూడా. నాకు తప్ప. అసలే ఆయాసపడుతున్న మనిషికి మళ్లీ మాస్కెందుకని ఆమె జాలి.

మర్నాడు ఆ సంగతి విన్న నర్సు గారు, "ముందు మాస్కు మీకండీ" అన్నారు. ఎందుకో కూర్చోబెట్టి చెప్పారు. దగ్గినప్పుడే కాదు, మాట్లాడినా తుంపరలు వస్తాయి. నోటి దగ్గర అవి ఇంకా తడిగా, పెద్దగా ఉంటాయి కాబట్టి మామూలు సర్జికల్ మాస్కులోనే చాలావరకు చిక్కుకుంటాయి. దాటిపోయాయంటే తడి ఆరి, 5 మైక్రాన్ల లోపు నలుసులై, మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంటాయి. ఎదుటివాళ్ల సర్జికల్ మాస్కుకి చెంపల పక్కనున్న సందుల్లోంచి అవి లోపలికి పోతాయి. వాటిని ఆపాలంటే ముఖానికి బిగుతుగా అతికే ఎన్95 కావాలి.

నేను వెంటనే వాల్వ్ ఉన్న ఎన్95 కొనుక్కున్నాను. అదీ తప్పే. నేను వదిలే గాలి ఆ వాల్వ్‌లోంచి వడపోత లేకుండానే బయటికి వస్తుందట. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

తర్వాత దక్షిణాఫ్రికాలో జరిగిన ఒక అధ్యయనం గురించి చదివాను. 2012లో వచ్చింది. మామూలు మందులకి లొంగని మొండి టీబీ ఉన్నవాళ్ల వార్డు గాలిని గినీ పందుల గదుల్లోకి పంపారు. రోగులు మాస్కు పెట్టుకోని రోజుల గాలి పీల్చిన 90 జంతువుల్లో 69కి సోకింది. పెట్టుకున్న రోజుల గాలి పీల్చిన 90లో 36కే. ఎంత తేడా! కానీ ఆ 36 తలచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. మాస్కు ఉంది కదా అని పాపని పక్కన పడుకోబెట్టుకోవడం ఆ రోజే మానేశాను. వేరే గదిలో, కిటికీలు బార్లా తెరిచి పడుకున్నాను. ఒక్క పూట కూడా మాత్రలు మానలేదు. మందు పనిచేయడం మొదలయ్యాక ఎదుటివాళ్లకి అంటించే శక్తి త్వరగా తగ్గిపోతుంది.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించాం. ఎవరికీ టీబీ లేదు. పాప చిన్నది కాబట్టి ముందు జాగ్రత్తగా మందు ఇచ్చారు.

అన్నిటికంటే కష్టం పాపతోనే. మాస్కులోంచి కథ చెబితే "నాన్నా, నీ నోరు కనబడట్లేదు" అనేది. రెండు నెలల తర్వాత కఫంలో క్రిములు లేవని తేలింది. మాత్రలు ఇంకో నాలుగు నెలలు వాడాలి గానీ, మాస్కు తియ్యొచ్చన్నారు. ఆ రాత్రి కథ మొదలుపెట్టకముందే పాప నా మూతి మీద చెయ్యి వేసి చూసుకుంది.