ఏడుగురక్కలు, ఒక వెండి పట్టీ

ఆరు నెలలుగా నేనూ, తొమ్మిదేళ్ల మా పాపా కలిసి ఒక లోకం కడుతున్నాం, రెండు వందల పేజీల నోటుపుస్తకంలో. అందులో ఉండేదంతా ఫెయిరీలే. ఎవరి రెక్కలు ఏ రంగు, ఏం తింటారు, రాణి ఎవరు, కోపమొస్తే ఏం చేస్తారు, అన్నీ రాసుకున్నాం. రంగులు పాపవి, చట్టాలు నావి. నెల్లూరులో మా మేనత్త ఒకరోజు ఆ పుస్తకం తిరగేసి, "బొమ్మలు బాగుండాయిరా. ఇంతకీ వీళ్లది ఏ ఊరు?" అనింది.

ఆ ఒక్క సంగతే రాసుకోలేదు. నేను నీళ్లు నమిలేసరికి, "కోనల్లో నీళ్లు పడేకాడ ఏడుగురు అక్కదేవతలుంటారు. చూపిస్తా పదండి" అనింది. అట్లా కార్తీకంలో, పౌర్ణమి ఇంకా నాలుగు రోజులుందనగా, ముగ్గురం కారులో భైరవకోనకు బయల్దేరాం.

ఆత్మకూరు దాటి ఉదయగిరి చేరేసరికి ఎండెక్కింది. ఎదురుగా దుర్గం కొండ. కృష్ణదేవరాయలంతటివాడు నెలల తరబడి ముట్టడించి, 1514లో గజపతుల చేతినుంచి గెలుచుకున్న కోట అని చెప్పబోయాను. పాపకు కోట అక్కర్లేదు, కొయ్య గరిటెలు కావాలి. ఉదయగిరి చెక్క గరిటెలకు, స్పూన్లకు పేరున్న ఊరు గదా! రెండు కొనిస్తే కారెక్కగానే అవి మంత్రదండాలైపోయాయి.

దారిలో నేను చదివిందంతా అత్త ముందు పరిచాను. ఐర్లండ్, స్కాట్లండ్ పాత కథల్లో ఫెయిరీలకు రెక్కలుండేవి కావనీ, వాళ్లలో మనిషంత ఎత్తున్నవాళ్లూ ఉండేవాళ్లనీ, ఆ సీతాకోకచిలుక రెక్కలు చాలావరకు తర్వాతి కాలపు నాటకాలూ బొమ్మలూ తగిలించినవేననీ చెప్పాను. ఆ పల్లెల్లో వాళ్లను పేరు పెట్టి పిలవరు, "మంచివాళ్లు" అంటారు అనేసరికి అత్త వెనక్కి తిరిగింది.

"పిలిస్తే వస్తారని భయం. మనం రాత్రిపూట పామును పురుగనమా? మశూచి పోస్తే అమ్మవారు పోసిందనలా?"

ఇనుమంటే ఫెయిరీలకు భయమట అన్నాను, మన బాలింతల మంచం కింద ఇనప ముక్క పెట్టడం గుర్తొచ్చి. అత్త ఒప్పుకోలేదు. "అది గాలీ ధూళీ సోకకుండా పెట్టేది. అక్కలకు ఇనుమేం చేస్తది?" నా పోలిక అక్కడ తెగింది. ఐర్లండ్‌లోనే క్లేర్ అనే చోట, 1999లో, కొత్త రోడ్డుకు అడ్డొచ్చిన ముళ్లచెట్టు ఫెయిరీలదని జనం గోల చేస్తే దాన్ని కొట్టకుండా వదిలిన సంగతి మాత్రం ఆమెకు బాగా నచ్చింది. "మరి కొట్టేస్తే వాళ్లు యాడికి పోవాల?"

సీతారామపురం దాటాక అడవి దగ్గరపడింది. నెల్లూరు జిల్లా దాటేశామన్నాను. అత్త లెక్కలో అది కూడా నెల్లూరే. భైరవకోన ఉన్న కనిగిరి తాలూకా 1970 దాకా నెల్లూరు జిల్లాదే కాబట్టి వాదించలేదు.

భైరవకోనలో కొండనే తొలిచి ఎనిమిది శివాలయాలు చేశారు. స్తంభాలూ, ద్వారపాలకులూ, గర్భగుడీ అన్నీ ఆ కొండరాయే. పల్లవుల కాలం నాటి పని అంటారు. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల నేరుగా దుర్గాంబ మీద పడుతుందని చెప్పుకుంటారు, ఆ రాత్రి జనం కిటకిటలాడతారు. మేం వెళ్లిన రోజు కోతులే ఎక్కువ. ఎనిమిదింటిలో ఏడు గుళ్లు తూర్పుకు చూస్తాయి, ఒకటి ఉత్తరానికి. పాప వేళ్లు మడిచి లెక్కపెట్టి చెబితే అత్త నవ్వింది. "ఏడుగురక్కలు, ఒక తమ్ముడు పోతురాజు." అవి శివుడి గుళ్లు, ఈ లెక్కకూ వాటికీ సంబంధం లేదు. కానీ అత్త లెక్కకు అడ్డు చెప్పి బాగుపడినవాడు మా ఇంట్లో లేడు.

జలపాతం అక్కడికి దగ్గరే. చాలా ఎత్తునుంచి పడుతోంది, వానలు బాగా పడ్డ ఏడు కాబట్టి నిండుగా ఉంది. పాప పరుగెత్తబోతే అత్త జబ్బ పట్టుకుని ఆపింది. "మిట్టమధ్యాన్నం దిగబాక. వాళ్లు జలకాలాడే యాళ." పన్నెండున్నర. ముగ్గురం బండరాళ్ల మీద కూర్చున్నాం. అత్త ఏడు గులకరాళ్లు ఏరి వరసగా పెట్టింది, పక్కన ఒక చిన్న రాయి. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొంగున కట్టుకొచ్చిన గాజులు ముందుంచింది. పులిహోర, దద్దోజనం మొదట ఆకులో వాళ్లకు, తర్వాత మాకు. "ఎంగిలి నీళ్లలో కడగబాకండి" అని కూడా అనింది. నా నోటుపుస్తకంలో వాళ్లెట్లా ఉంటారో నలభై పేజీలు ఉంది. వాళ్ల దగ్గరికి వెళ్తే మనమెట్లా ఉండాలో ఒక్క లైనూ లేదు. అత్త దగ్గర ఉన్నదల్లా అదే.

"అవ్వా, వాళ్లకు రెక్కలుంటాయా?"

"రెక్కలెందుకే? యాడినుంచో ఎగిరొచ్చేవాళ్లకు కావాల. వీళ్లు ఈడే ఉండారు గదా."

పాప చాలాసేపు మాట్లాడలేదు. రెక్కలకు రంగులేయడానికి దానికి రెండు నెలలు పట్టింది మరి.

ఎండ వాలాక అత్త నీళ్లకు దణ్ణం పెట్టి, "అమ్మా, పిల్ల కాళ్లు తడుపుకుంటది" అని అడిగి దిగనిచ్చింది. ఐదు నిమిషాలన్నది గంటయింది. భాగవతంలో కూతురు రేవతిని వెంటబెట్టుకుని బ్రహ్మలోకానికి పోయిన రాజు, ఒక పాట అయ్యేదాకా ఆగి తిరిగొచ్చేసరికి భూమ్మీద యుగాలే గడిచిపోతాయి. మాకు గంటే కదా అనుకున్నాను. పాప ఒడ్డెక్కేసరికి ఎడమకాలి పట్టీ లేదు.

ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి దిగబోయాను. అత్త కదలనీయలేదు. "దేవులాడబాక. నచ్చి తీసుకున్నారనుకో." నేననుకోలేకపోయాను, వెండి ధర ఎంతుందో నాకు తెలుసు. పాప బాధ వేరే. "ఏడుగురికి ఒక పట్టీ ఎట్లా సరిపోతుంది? కొట్టుకోరా?" అంటూ రెండోది కూడా విప్పబోయింది. చెయ్యి గట్టిగా పట్టుకుని కారెక్కించాను. ఉదయగిరి దాకా ఒంటి పట్టీ చప్పుడు వినబడుతూనే ఉంది. తర్వాత నిద్రపోయింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ మొదట చూసింది కాళ్లనే.

"రెండోదేదీ?"

"అక్కకిచ్చా."

"ఏ అక్కకు?"

పాప నావైపు చూసింది. నేను అత్తవైపు చూశాను. అత్త చేట ముందేసుకుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది.