పచ్చ టిక్కు

మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి తలుపు కొట్టారు. తీస్తే అభ్యర్థిగారు. వెనక పదిహేను మంది, ముందు ఒక కెమెరా. దండం నాకే పెట్టారు గానీ చూపు కెమెరా కుర్రాడి మీద ఉంది. "గెలుపు ఎప్పుడో ఖాయమైపోయిందండీ, ఇప్పుడు మెజారిటీ కోసమే తిరుగుతున్నాం" అన్నాడు పక్కనున్నాయన. నామినేషన్ వేసి పది రోజులు కాలేదు, అప్పుడే 'మంత్రిగారు' అనేస్తున్నారు కూడా.

అమ్మ లోపల్నుంచి వచ్చి వీధి దీపం సంగతి ఎత్తింది. మూడు నెలలుగా వెలగట్లేదు. "గెలిచాక చూద్దామమ్మా" అన్నారాయన, అప్పటికే రెండో మెట్టు దిగుతూ.

"ఓటెయ్యమని అడగనే లేదేంట్రా?" అంది అమ్మ.

నిజమే, అడగలేదు.

ఈ ధీమా నాకు కొత్తేం కాదు. కాలేజీ రోజుల్లో నేనూ ఒకాయన తరఫున ఓటరు జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మనవాళ్లకి పచ్చ టిక్కు, అవతలివాళ్లకి ఎర్ర టిక్కు, తేలనివాళ్లకి ప్రశ్నార్థకం. నాలుగో రోజుకల్లా ప్రశ్నార్థకాలు పెట్టడం మానేశాను. "తప్పకుండా బాబూ" అంటే పచ్చ. నవ్వితే పచ్చ. మంచినీళ్లిస్తే పచ్చ. ఎర్ర టిక్కులు ఎక్కువ తెచ్చినవాణ్ణి సాయంత్రం ఆఫీసులో "సరిగ్గా తిరగట్లేదు నువ్వు" అని కసిరేవాళ్లు మరి. ఎవడికి మాత్రం తిట్లు తినాలని ఉంటుంది? మర్నాడు వాడి జాబితా కూడా పచ్చబడేది. అవన్నీ కూడి అభ్యర్థికి చూపిస్తే ఆయన ఊరేగింపు బండి మాట్లాడుకున్నారు.

మా బూత్‌లో నేను లెక్కగట్టి ఇచ్చినవి 412. పడ్డవి 263.

తగ్గిన ఆ 149 మందినీ అప్పట్లో అబద్ధాలకోర్లని తిట్టుకున్నాను. గుమ్మంలోకొచ్చిన మనిషి మొహం మీద 'వెయ్యను' అని ఎవరంటారు? అవతలివాళ్లకీ అదే 'తప్పకుండా' చెప్పుంటారు.

నేనంటే కుర్రాణ్ణి. 1948లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పేరున్న సర్వే సంస్థలే, అభ్యర్థుల్లో డ్యూయీ గెలుపు ఖాయమనుకుని పోలింగ్‌కి వారాల ముందే జనాన్ని అడగడం ఆపేశాయి. షికాగో ట్రిబ్యూన్ పత్రిక అయితే ఆయన ప్రత్యర్థి ట్రూమన్ ఓడిపోయాడని పెద్దక్షరాల్లో అచ్చేసింది కూడా. గెలిచిన ట్రూమన్ ఆ పేపర్నే ఎత్తిపట్టుకుని నవ్వుతున్న ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది మాత్రం 2008 నాటి రాజస్థాన్ ఫలితం. నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఆయనకి 62,215, అవతలాయనకి 62,216. అప్పుడాయన రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు, ముఖ్యమంత్రి పదవికి పేరు వినబడుతున్న మనిషి. అది ధీమా వల్లో దురదృష్టం వల్లో నేను చెప్పలేను. ఆ అంకె చూసినప్పుడల్లా మాత్రం ఎవరింటి ముందో రెండో మెట్టు మీంచే తిరిగిపోయిన మనిషి ఒకడు కళ్ల ముందు కదులుతాడు.

ఇవాళ అందరూ వెళ్లాక ఒక కుర్రాడు మిగిలాడు. మెట్ల మీద నిలబడి, జాబితాలో మా ఇంటి నంబరు వెతుక్కుని, మా ఇద్దరి పేర్ల పక్కనా పచ్చ స్కెచ్‌పెన్‌తో టిక్కులు పెట్టాడు. నేను నోరు విప్పలేదు. అమ్మ మాట్లాడింది ఆ దీపం గురించే.

ప్రశ్నార్థకం పెట్టుకో తమ్ముడూ అందామనుకున్నాను. అప్పటికే గేటు మూసి పక్కింటికి వెళ్లిపోయాడు.