మలంలో బ్యూటిరేట్ కొలవడం: నా అనుభవం

పీచును పేగు బ్యాక్టీరియా పులియబెట్టగా వచ్చే ఆమ్లాల్లో బ్యూటిరేట్ ఒకటి. హెచ్ఐవీ ఉన్నవారి పేగులో అది తగ్గిందా అని చూసే పనిలో సగం గెలుపోటములు ఫ్రీజర్ దగ్గరే తేలిపోతాయి. మలం డబ్బాలో పడ్డాక కూడా అందులోని బ్యాక్టీరియా ఊరుకోదు. గది ఉష్ణోగ్రతలో మిగిలిన పీచును పులియబెడుతూనే ఉంటుంది, ఆమ్లాలు పెరుగుతూ పోతాయి. అందుకే నమూనా రాగానే ఐసులో పెట్టి, చిన్న గొట్టాల్లోకి పంచి, మైనస్ 80 డిగ్రీల్లో దాచేస్తాను. పంచకుండా దాచితే ప్రతిసారీ మొత్తం కరిగించాల్సి వస్తుంది.

గడ్డకట్టిన ముక్క 200 మిల్లీగ్రాములు తూచి, 1 మిల్లీలీటరు నీటిలో బాగా కలిపి, 4 డిగ్రీల వద్ద 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాను. పైన తేరిన ద్రవంలో 500 మైక్రోలీటర్లు తీసి, ముందు ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (నష్టాన్ని లెక్కగట్టడానికి తెలిసిన మోతాదులో కలిపే పదార్థంగా) 2-ఇథైల్‌బ్యూటిరిక్ ఆమ్లం వేస్తాను. ఇది ఈథర్ కలిపాక వేస్తే ఆ దశలో జరిగే నష్టం లెక్కలోకి రాదు. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కి దించాలి. మనం కొలిచే పేగు ఆమ్లాల పీకేఏ (సగం అణువులు విద్యుదావేశం లేకుండా ఉండే పీహెచ్) దాదాపు 4.8. అంతకన్నా బాగా కిందికి దిగితేనే విద్యుదావేశం పోయి ఈథర్‌లోకి దాటతాయి. గాలిలోకి ఎగిరిపోయేదీ అందుకే. కాబట్టి ఆమ్లం వేశాక ఆలస్యం చేయకుండా ఈథర్ పోసి మూత బిగించేస్తాను. ఈ రెండింటి మధ్య ఫోన్ ఎత్తితే ఆ గొట్టం పోయినట్టే.

ఆ ఈథర్‌ను గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలోకి ఎక్కిస్తే, ఆమ్లాలను విడదీసే ఎఫ్ఎఫ్ఏపీ కాలమ్ (సన్నని గొట్టం) మీద ఎసిటిక్, ప్రొపియోనిక్, ఐసోబ్యూటిరిక్, బ్యూటిరిక్ వరుసగా వస్తాయి. కొత్తవాళ్లు మూడో పీక్‌నే బ్యూటిరేట్ అనుకుంటారు. అది ప్రోటీన్‌లోని వేలీన్ కుళ్లగా వచ్చింది, పీచుది కాదు. ఖాళీ నమూనాలో (మలం లేకుండా నడిపినదానిలో) ఎసిటిక్ కనిపిస్తే కాలమ్‌లో పాతది మిగిలిందో, ఈథర్ కలుషితమైందో చూడాలి. అది తేలకుండా ముందుకు వెళ్లను.

అంకె వచ్చాక అసలు తలనొప్పి. పేగులో తయారైన ఈ ఆమ్లాల్లో 90 శాతానికి పైగా అక్కడే పీల్చుకుపోతాయి, మనం కొలిచేది మిగులు మాత్రమే. విరేచనాలున్నవారిలో పీల్చుకునే సమయం చాలదు, పైగా నీరు ఎక్కువై గ్రాముకు అంకె పలచబడుతుంది. అందుకే మరో ముక్కను ఆరబెట్టి పొడి బరువుకు లెక్కగడతాను, మలం ఎంత గట్టిగా, ఎంత పలచగా ఉందో చెప్పే బ్రిస్టల్ స్కేలు కూడా రాసుకుంటాను. సీడీ4 (హెచ్ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాలు) తక్కువై, ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమోక్సజోల్ వాడుతున్నవారిని విడిగా చూస్తాను, అదీ యాంటీబయాటిక్కే కదా. పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషుల్లో హెచ్ఐవీ లేకపోయినా పేగులో ప్రెవొటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుంది. పోలిక గుంపును ఆ ప్రకారం ఎంచకపోతే ఆ తేడాను వైరస్ ఖాతాలో వేసేస్తాం.

బ్యూటిరేట్ తగ్గినంత మాత్రాన పేగు గోడ కారుతోందని రాయను. అదే రోజు తీసిన రక్తంలో ఐ-ఎఫ్ఏబీపీ (పేగు గోడ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్), కరిగిన సీడీ14 (బ్యాక్టీరియా పదార్థాలకు రోగనిరోధక కణాలు స్పందిస్తే పెరిగే ప్రోటీన్) కూడా పెరిగి ఉంటేనే ఆ మాట రాస్తాను.